అద్దెకిచ్చిన అత్త

పిట్ట అనే అమ్మాయి నడిపే కార్ఖానాకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు పలకరిస్తారు, ఆ తర్వాత సిగ్గుపడతారు. గుమ్మం పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్న పెద్దాయన్ని "ఓనరుగారున్నారాండీ?" అని అడుగుతారు. ఆయన పలకడు. పాపం చెవుడు కాబోలనుకుని ఈసారి గొంతు పెంచి అడుగుతారు. అప్పటికి లోపల కుట్టుమిషను ఆగుతుంది, దర్జీ బాబాయ్ కేక వినపడుతుంది.

"ఆయన్ని వదిలెయ్యండి సార్, ఆయన దూది!"

ఒక్క ఆయనేనా? లోపలికెళితే ఇంకా జనం. గోడకి చేరగిలబడి చెవులు కొరుక్కుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు, బల్ల మీద మోచేతులాన్చి ఎవరికోసమో ఎదురుచూస్తున్న కళ్ళజోడాయన, నిచ్చెన మెట్టు మీద కూర్చుని కునుకు తీస్తున్న లావుపాటి మనిషి. ఒళ్ళంతా గుడ్డా దూదీ, లోపల కర్రముక్కల ఎముకలు, మొహం కాగితం గుజ్జుతో చేసి రంగులేసింది. చెయ్యి వేసి చూస్తే తప్ప బొమ్మని తెలియదు. అవి కుట్టిన దర్జీ బాబాయ్‌కే ఒక్కోసారి తెలియదు. కత్తెర కనపడకపోతే పక్కనున్న బొమ్మతో "కాస్త లే తల్లీ, నీ కింద ఉందేమో చూస్తా" అంటాడు.

ఇదీ పిట్ట వ్యాపారం. అద్దెకి జనం. నవ్వకండి, దీని మీద రెండు కుటుంబాలు చక్కగా బతుకుతున్నాయి. మనుషులెప్పుడూ నలుగురూ ఉన్న హోటల్లోకే దూరతారు, ఖాళీ హోటలు చూస్తే మొహం తిప్పుకుపోతారు. అందుకని కొత్తగా హోటలు పెట్టినవాళ్ళు ముందు పిట్ట దగ్గరికి పరిగెత్తుకొస్తారు. కొత్తగా బోర్డు పెట్టిన లాయరుకి బెంచీ మీద ఇద్దరు క్లయింట్లు కావాలి. వేదికెక్కితే కాళ్ళు వణికేవాళ్ళకి వెనకగది నిండా శ్రోతలుంటారు, ఎంత చెత్త ఉపన్యాసం ఇచ్చినా వాళ్ళలో ఒక్కడూ ఆవలించడు. ఇవి చాలవన్నట్టు పిట్ట ఈమధ్య తిట్లగది కూడా తెరిచింది. ఆఫీసులో పై అధికారి మీద నోరు మెదపలేని వాళ్ళు అక్కడికొస్తారు. పెట్టెలోంచి మీసమో బట్టతలో వెతుక్కుని బొమ్మకి తగిలించి, తమ అధికారి పోలిక తెచ్చుకుని, తలుపేసుకుని కడుపారా తిట్టి, మొహం కడుక్కుని హాయిగా ఇంటికి పోతారు.

అంతా బాగానే ఉంది గానీ పిట్టకి ఒక చిక్కుంది. చేతిలో ఎంత విద్య ఉన్నా లేని మొహాన్ని పుట్టించడం ఆ పిల్ల వల్ల కాదు. ఊహించి చేస్తే అది గుమ్మడికాయ అవుతుంది తప్ప మొహం అవదు. బాగా తెలిసిన మొహమైతేనే వేళ్ళు కదులుతాయి. తెలిసిన మొహాలంటే ఎవరివి? చుట్టాలవి! అందుకని ఊరు మొత్తం మీద హోటళ్ళలోనూ ఆస్పత్రుల్లోనూ కూర్చుని ఉన్నదంతా పిట్ట బంధువర్గమే. గుమ్మం దగ్గర పేపరు చదువుతున్నది వాళ్ళ నాన్న. చెవులు కొరుక్కుంటున్నది పిన్ని, పక్కింటావిడ. ఎవరినీ అడిగి చెయ్యలేదు. అడిగితే ఒప్పుకుంటారా? ఒకరికి మీసం పెట్టి, ఇంకొకరికి జుట్టు రంగు మార్చి ఎలాగో నెట్టుకొస్తోంది.

మావయ్య మాత్రం దొరికిపోయాడు. పిట్ట దొరికిపోయింది అనాలేమో. ఆయన పంటినొప్పితో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, వరసలో కూర్చుని, పక్కకి చూసి, పిట్టకి ఫోన్ చేశాడు.

"పిట్టా, నేను పళ్ళ డాక్టరు దగ్గరున్నాను."

"నొప్పెక్కువగా ఉందా మావయ్యా?"

"అది తర్వాత. నా పక్కన కూడా నేనే ఉన్నాను."

మావయ్య గొంతు తగ్గించి, "బాగుందే. ముక్కు మీద గాటు కూడా పెట్టావు. ఇందాక ఒకావిడ నాకంటే ముందు దాన్నే పలకరించింది. ఇంట్లో కంటే నాకిక్కడే మర్యాద జరుగుతోంది. మీ అత్తకి మాత్రం చెప్పకు" అన్నాడు. అప్పట్నుంచి పంటినొప్పి లేకపోయినా అప్పుడప్పుడు వెళ్ళి తన పక్కన తాను కూర్చుని వస్తున్నాడు, వస్తూ వస్తూ కార్ఖానాలోకి కూడా తొంగిచూసి పోతున్నాడు.

అత్తకి చెప్పకు అన్నాడు గానీ చెప్పడానికి అత్త మాట్లాడితే కదా.

అత్త అంటే మేనత్త, నాన్న అక్క. పిట్టకి ఊహ తెలియకముందే తల్లి పోయింది. నాన్నది లారీల వెంట ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. పిల్లని ఎత్తుకెళ్ళి పెంచింది అత్తే. ఆస్పత్రిలో పెద్ద నర్సు. ఆవిడ వరండాలో దగ్గితే వార్డులో రోగులు మందులు మింగేసేవారని చెప్పుకునేవాళ్ళు. ముక్కు మీదే కోపం. పిల్లతో తీరిగ్గా గడపడానికి టైమెక్కడిది? పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తేముందు జడ వేసే ఆ కాసేపే. బీరువా అద్దం ముందు పిట్టని నిలబెట్టి, వెనక నిలబడి, పిన్నులు పెదాల మధ్య కరుచుకుని, కళ్ళు సాగిపోయేంత గట్టిగా జుట్టు లాగి అల్లేది. ఆ రోజు చెప్పాల్సినవన్నీ పళ్ళ సందులోంచే చెప్పేసేది. "తలెత్తు. తిన్నగా నిలబడు. ఇవాళ కూడా పెన్సిలు పారేసుకొచ్చావంటే చెబుతా నీ పని. కదలకు." కదిలితే దువ్వెనతో నెత్తిన ఒకటి పడేది.

అంత గట్టి మనిషి, పిట్ట చదువు అయ్యాక స్కూలుకి చెప్పులరిగేలా తిరిగి, హెడ్‌మాస్టరు చుట్టూ ప్రదక్షిణాలు చేసి, డ్రాయింగు టీచరు ఉద్యోగం వేయించింది. పిట్ట కొన్నాళ్ళు పిల్లలచేత ఆపిల్ పండ్లు గీయించింది. గీయించి గీయించి, ఆపిల్ పండు చూస్తే ఏడుపొచ్చే స్థితికొచ్చి, రెండేళ్ళ కిందట ఒక పొద్దున రాజీనామా ఇచ్చేసి ఇంటికొచ్చింది. బొమ్మలు చేసుకుని బతుకుతానంది.

అత్త ఒంటికాలి మీద లేచింది. మావయ్య ఏదో సర్దిచెప్పబోతే ఆయన్నీ కలిపి కడిగేసింది. చివరికి గుమ్మంలో నిలబడి ఒకే మాటంది. "బొమ్మలే కావాలనుకున్నావు కదూ? అయితే ఆ బొమ్మలతోనే మాట్లాడుకో. నాతో కాదు."

అత్త అన్నదంటే అన్నదే. పిట్ట సామాను సర్దుకుని వచ్చేసింది. తనూ తక్కువ తిన్నదేం కాదు. బొమ్మలతో మాట్లాడుకోమంది కదా, సరే, మాట్లాడుకుంటానంది మనసులో. అని, అద్దెకి తీసుకున్న ఆ రేకుల షెడ్డులో మొట్టమొదట చేసిన నిలువెత్తు బొమ్మ అత్తదే. చెయ్యడానికి కష్టమే పడలేదు. నుదురు, ముక్కు, కుడి చెంప మీద కంటి కింద మినపగింజంత మచ్చ, అన్నీ వేళ్ళకే తెలుసు. పెదాలు మాత్రం ఎందుకో కాస్త బిగుసుకుని, ఏదో పంటి కింద పెట్టుకున్నట్టు వచ్చాయి. ఎన్నిసార్లు సరిచేసినా మళ్ళీ అలాగే వచ్చాయి. సరే పోనీలెమ్మని వదిలేసింది. కట్టడానికి దర్జీ బాబాయ్ దగ్గర మిగిలిన చిలకాకుపచ్చ గుడ్డ తప్ప ఏమీ లేదు, అదే కట్టింది. ఆ తర్వాత దానితో తగువులాడుతూ, అలుగుతూ, మళ్ళీ తనే బతిమాలుకుంటూ మిగతా పనంతా చేసుకుంది.

కొన్నాళ్ళకి కాగితపు శిల్పాలతో ఒక హాల్లో ప్రదర్శన పెట్టింది. అత్తకి ముందు వరసలో కుర్చీ వేశానని మావయ్యతో కబురంపింది. ఎవరూ రారని భయమేసి, హాలు బోసిగా ఉండకుండా అప్పటికి కుట్టిన బొమ్మ మనుషులందరినీ తీసుకెళ్ళి అక్కడక్కడా నిలబెట్టింది. సాయంత్రం దాకా చూసింది, అత్త రాలేదు. ఇంక రాదులే అనిపించాక, ఖాళీ కుర్చీ చూడలేక, అందులో బొమ్మత్తనే కూర్చోబెట్టింది. అత్త రాకపోవడం ఆ పిల్లకి ముల్లులా దిగింది. ఇప్పటికీ ఊడి రాలేదది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అత్త వచ్చి తన పని చూడాలి. మెచ్చుకోనక్కర్లేదు, తిట్టినా ఫరవాలేదు. ఆ పిల్లకి కావలసిందల్లా అదే.

ఆ రోజు వానకి తలదాచుకోవడానికి హాల్లోకి దూరినవాడు ఒకడే, అప్పుడే హోటలు పెట్టిన ఒకాయన. వస్తూనే బొమ్మత్త కాలు తొక్కి, "క్షమించాలమ్మా, చూసుకోలేదు" అన్నాడు. ఆవిడ పలకకపోయేసరికి కోపమొచ్చిందనుకుని ఇంకో రెండుసార్లు క్షమాపణ చెప్పాడు. సంగతి తెలిశాక నోరు వెళ్ళబెట్టాడు. శిల్పాల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "ఈ జనాన్ని అద్దెకిస్తారా?" అని అడిగాడు. వ్యాపారం అలా పుట్టింది.

అయితే ఆయనకి జనమంతా ఒక ఎత్తు, అత్త ఒక ఎత్తు. "ఆ పెద్దావిడ లేకపోతే నాకొద్దమ్మా" అని ఉడుంపట్టు పట్టాడు. కిటికీ పక్క బల్ల దగ్గర, వీధి వైపు మొహం, హాలు వైపు వీపు పెట్టి కూర్చోబెట్టాడు. ఆయన అదృష్టమో బొమ్మ అదృష్టమో గానీ హోటలు నిండిపోయింది. "ఆ పెదాలు చూశారా? రుచి చూసి, బాగుందని చెప్పేలోపు ఆగినట్టుంటుంది. జనం ఆ మొహం చూసే లోపలికొస్తున్నారు" అనేవాడు. ఇదంతా ఊరి ఆ చివర. అత్త ఆ వైపు రాదు. ఆ ధైర్యంతోనే పిట్ట ఒప్పుకుంది. ఒప్పుకున్నా లోపల పీకుతూనే ఉండేది. పెంచిన మనిషిని తీసుకెళ్ళి హోటలు కిటికీలో అద్దెకి కూర్చోబెట్టానని తెలిస్తే అత్త ఇంక ఈ జన్మలో మొహం చూడదు. హోటలుకి సెలవు రోజున బొమ్మ కార్ఖానాకి వచ్చేది. అప్పుడు దుమ్ము దులుపుతూ "ఏమనుకోకు అత్తా" అని చెప్పుకునేది.

మావయ్య ఆ బొమ్మని కార్ఖానాలో ఒకసారి చూశాడు. చుట్టూ తిరిగి, గడ్డం గోక్కుని, "అచ్చం మీ అత్తే. కానీ ఏదో తేడాగా ఉంది" అన్నాడు.

"ఏం తేడా?"

"ఏమో. తిట్టడం లేదు కదా, అదేనేమో."

ఇలా సాగిపోతుంటే ఒక పొద్దున హోటలాయన ఫోన్ చేశాడు. గొంతులో సంబరం పొంగిపోతోంది. "అమ్మా, కొత్త హోటలు తెరిచేశాను! చెప్పాపెట్టకుండా తెరిచి మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నా. పెద్దావిడ లేందే నాకు కలిసిరాదు కదా, పొద్దున్నే నేనే నా కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చేశా."

"ఎక్కడండీ కొత్త హోటలు?"

ఆయన వీధి పేరు చెప్పాడు. పిట్ట చేతిలోని గుజ్జు గిన్నె కింద పడింది. అది అత్త ఇంటి వెనక వీధి. రోజూ కూరగాయల సంచీ పట్టుకుని అత్త వచ్చే దారి.

"అయ్యబాబోయ్, ముందు ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోండి! కిటికీ దగ్గర్నుంచి తీసెయ్యండి!"

"అదేంటమ్మా, ఇప్పుడిప్పుడే జనం వస్తుంటే..."

మాట పూర్తికాలేదు, ఇంకో ఫోన్ వస్తోంది. మావయ్య.

"పిట్టా, మీ అత్త హోటల్లో కూర్చుని ఉంది."

"తెలుసు మావయ్యా, ఇప్పుడే తెలిసింది. ఆ బొమ్మని తీయించేస్తున్నా. నువ్వు ఎలాగైనా అత్తని అటు రాకుండా చూడు."

"బొమ్మ సంగతి కాదే."

"మరి?"

"ఇద్దరూ కూర్చుని ఉన్నారు."

పిట్ట ఎలా పరిగెత్తిందో పిట్టకే తెలియదు. గుజ్జు చేతులు, జుట్టు నిండా దూది, కాళ్ళకి రెండు రకాల చెప్పులు. "అమ్మాయ్, నేనూ రానా?" అని దర్జీ బాబాయ్ అరుస్తుంటే, "వద్దు బాబాయ్, నా తర్వాత వ్యాపారం చూసుకోడానికి ఒకరుండాలి" అని అరిచి వెళ్ళిపోయింది.

హోటలు ముందు జనం గుమిగూడి ఉన్నారు. అద్దాల వెనక బొమ్మత్త వీధి వైపు చూస్తూ కూర్చుంది. దానికెదురుగా, వీధికి వీపు పెట్టి, అసలు అత్త. బల్ల మీద కూరగాయల సంచీ. ఆవిడ మెడ నిటారుగా ఉంది. అంటే పరిస్థితి బాగా లేదని పిట్టకి చిన్నప్పట్నుంచీ తెలుసు. మావయ్య ఒక మూల స్తంభానికి అతుక్కుపోయి నిలబడ్డాడు. హోటలాయన చేతులు కట్టుకుని, ఎవరికి ముందు క్షమాపణ చెప్పాలో తెలియక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"కూర్చో" అంది అత్త. రెండేళ్ళ తర్వాత మాట్లాడిన మొదటి మాట.

పిట్ట కుర్చీ అంచున కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది నన్నిలా కూర్చోబెట్టి?"

"ఇక్కడ ఇవాళే అత్తా. ఇంతకుముందు ఆ చివర హోటల్లో..."

"ఓహో! బదిలీలు కూడా అవుతున్నాయా నాకు!"

పిట్ట గుజ్జు చేతులు బల్ల కింద దాచుకుంది.

"ఈ రంగేమిటే? చిలకాకుపచ్చ! నా ఒంటి మీద ఈ రంగు ఎప్పుడైనా చూశావా?"

"దర్జీ బాబాయ్ దగ్గర మిగిలిన గుడ్డ అత్తా..."

"మిగిలిన గుడ్డ! విన్నారా? నాకు మిగిలిన గుడ్డ కట్టిందట." అని మావయ్య వైపు తిరిగింది. మావయ్య స్తంభం వెనక్కి ఇంకాస్త జరిగాడు. అత్త హోటలాయన మీద పడింది. "ఏమయ్యా, పొద్దుట్నుంచీ కూర్చోబెట్టావు, ఈ మనిషి గ్లాసులో చుక్క నీళ్ళు లేవు. ఇలాగేనా నువ్వు హోటలు నడిపేది?"

హోటలాయన పరిగెత్తుకొచ్చి బొమ్మ గ్లాసులో నీళ్ళు పోశాడు. బయట జనం పకపకా నవ్వారు. పిట్టకి కూడా నవ్వొచ్చింది గానీ నవ్వితే ప్రాణం మీదికొస్తుందని పెదవి కొరుక్కుంది. తిడుతోంది, ఫరవాలేదు. తిట్టడం అంటే మాట్లాడటమే కదా. ఇలా ఎంతసేపు తిట్టినా హాయిగా వింటాననుకుంది.

అప్పుడు అత్త గొంతు మారిపోయింది.

"ఆ మచ్చ ఏ చెంప మీద పెట్టావు?"

"కుడి చెంప" అంది పిట్ట, బొమ్మవైపు చూడకుండానే.

అత్త మొహం పక్కకి తిప్పింది. "మరి ఇది ఏ చెంప?"

పిట్ట చూసింది. మళ్ళీ చూసింది. మచ్చ ఎడమ చెంప మీద ఉంది.

"మీ మావయ్య ఇందాక అంతా కక్కేశాడు. ఆయన ముక్కు మీద గాటుతో సహా చేశావట. పక్కింటావిడ పన్ను మీద పన్ను కూడా అచ్చుదించావట. ఎవరి మొహమూ తప్పలేదు, నాదొక్కటే తప్పింది." అత్త సంచీ పిడి మెలితిప్పుతోంది. "అద్దెకిచ్చావని కాదే నా బాధ. ఇస్తే ఇచ్చావు. ఎత్తుకుని పెంచాను కదా, నా మొహం కూడా గుర్తులేదా నీకు? అంత దూరమైపోయానా?"

అని లేచి, ఎవరికీ కళ్ళు కనపడనివ్వకుండా గబగబా వెనక గోడకున్న వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

"అదా తేడా! ఛ, నాకు తట్టి చావలేదు" అన్నాడు మావయ్య. ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు.

లేని మొహం చెయ్యలేకపోయినా, తెలిసిన మొహం ఏనాడూ తప్పు చెయ్యలేదని పిట్ట గర్వం. అలాంటిది అత్త మొహమే తప్పింది. కళ్ళు మూసుకుని చూసుకుంది. మూసిన కళ్ళలో కూడా మచ్చ ఆ పక్కనే ఉంది. లేచి అత్త వెనకాల వెళ్ళింది.

"అత్తా, ఒట్టు, నాకు అటువైపే గుర్తుంది."

"మాట్లాడకు." అత్త మొహం మీద నీళ్ళు కొట్టుకుంటోంది. తలెత్తి బేసిన్ మీది అద్దంలో పిట్టని చూసింది. చూడగానే ఏడుపు సంగతి పక్కన పెట్టేసింది. "ఆ జుట్టేమిటే! దూది. జిగురు కూడా. వ్యాపారం చేసే ఆడపిల్ల నలుగురిలోకి ఇలాగేనా వచ్చేది? ఇటు తగలడు."

చెయ్యి పట్టి లాగి అద్దం ముందు నిలబెట్టింది. తను వెనక్కి వెళ్ళింది. తన జుట్టులోంచి పిన్నులు పీకి పెదాల మధ్య కరుచుకుంది. దూది ఏరిపారేసి, పిట్ట జుట్టు మూడు పాయలు చేసి ఒక్క గుంజు గుంజింది. "తలెత్తు" అంది పళ్ళ సందులోంచి.

పిట్ట తలెత్తింది. అద్దంలో తన నెత్తి మీద అత్త మొహం. బిగిసిన పెదాలు. కంటి కింద మచ్చ, బొమ్మకి ఉన్నట్టే, సరిగ్గా ఆ పక్కనే.

"అదిగో!" అని కేక పెట్టింది. హోటలాయన చేతిలో నీళ్ళజగ్గు ఒలికింది. "అదిగో అత్తా, అద్దంలో చూడు! నేను చూసింది ఇదే! ఇలాగే!"

అత్త చూసింది. అద్దంలో తనని తాను చూసుకుంది, చెంప మీది మచ్చని వేలితో తడుముకుంది, మళ్ళీ అద్దం చూసింది.

"ఎదురుగా నిలబడితే నువ్వు ఎప్పుడూ తిట్టేదానివి. నేను తల వంచుకుని నీ చెప్పులు చూసేదాన్ని. నీ చెప్పులైతే ఏ కాలిది ఎక్కడ అరిగిందో చెప్పమను, చెప్తా. నీ మొహం నేను చూసుకున్నది జడ వేసేటప్పుడే అత్తా. రోజూ అద్దంలోనే చూసుకున్నాను." "బొమ్మలతో మాట్లాడుకోమన్నావు కదా. నీతో తప్ప ఎవరితో మాట్లాడాలో తెలియక నిన్నే చేసుకున్నాను."

"ఆ పెదాలు!" అని అరిచాడు హోటలాయన. "అమ్మా, అది రుచి కాదు! పిన్నులు!" పాపం, ఆయన నమ్మకం మీద అంత పెద్ద దెబ్బ ఎప్పుడూ పడి ఉండదు.

అత్త జడ అల్లుతూ ఉండిపోయింది. మామూలు కంటే గట్టిగా లాగుతోంది. పిట్టకి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, లాగినందుకో ఇంకెందుకో. "మచ్చ మార్చెయ్యనా?" అని అడిగింది మెల్లగా.

"దాని జోలికెళ్ళావంటే చేతులు విరగ్గొడతా" అంది అత్త. "ఆ బట్టలు మాత్రం మార్చు. వెనకనుంచి చూస్తే మరీ అసయ్యంగా..."

అత్త చేతులు ఆగిపోయాయి.

బేసిన్ దగ్గర్నుంచి చూస్తే బొమ్మ వీపు కనపడుతోంది. కుర్చీలో నిటారుగా కూర్చున్న ఆడమనిషి, చిలకాకుపచ్చ బట్టలు.

"ఆవిడే" అంది అత్త.

"ఎవరత్తా?"

"నీ ప్రదర్శన రోజున... నాకు కుర్చీ వేశావని మీ మావయ్య చెప్పాడు. రానన్నాను. సాయంత్రం మనసాగక, వానలో, ఎవరికీ చెప్పకుండా వచ్చాను."

"వచ్చావా!"

"తలుపు దాకా వచ్చాను. లోపలికి చూస్తే హాలు నిండా జనం. అమ్మో, ఎంతమందొచ్చారో అనుకున్నాను. కడుపు నిండిపోయింది. నా కుర్చీ ఏదా అని చూస్తే, ముందు వరసలో చిలకాకుపచ్చ కట్టుకున్న ఎవత్తో కూర్చుని ఉంది. నువ్వు ఆవిడ భుజం మీద చెయ్యేసి, చెవిలో కబుర్లు చెబుతున్నావు. నాకింక చోటెక్కడుంది, దీనికి వేరే దిక్కు దొరికిందిలే అని వెనక్కి వెళ్ళిపోయాను." అత్త నోట్లోంచి పిన్నులు కిందపడ్డాయి. "అప్పట్నుంచీ ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నానే."

పిట్ట గిరుక్కున వెనక్కి తిరిగింది. అద్దంలో కాదు, ఈసారి ఎదురుగానే చూసింది.

"అది నువ్వే అత్తా! ఆ కుర్చీలో ఉన్నది నువ్వే! నేను నీ చెవిలో ఏం చెబుతున్నానో తెలుసా? 'చూశావా, మా అత్త రాలేదు' అని నీకే చెప్పుకుంటున్నాను!"

అత్త ముందు కళ్ళు తుడుచుకుంది, తర్వాత ముక్కు తుడుచుకుంది, ఆ తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది. ఆస్పత్రి వార్డులన్నీ గడగడలాడించిన మనిషి గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని, హోటలంతా మారుమోగేలా నవ్వింది. స్తంభం వెనకనుంచి మావయ్య ధైర్యం చేసి బయటికొచ్చాడు. ఏం జరిగిందో సగం అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు. బయట గుమిగూడినవాళ్ళు, లోపల ఇంత సందడిగా ఉంటే మనమెందుకు ఎండలో అనుకున్నారేమో, ఒక్కొక్కరే వచ్చి బల్లలన్నీ నింపేశారు.

"అమ్మా, మరి పెద్దావిణ్ణి..." అని హోటలాయన అడిగాడు.

"ఉండనీ. కానీ గ్లాసు ఎండితే ఊరుకోను. రోజూ ఇటే వస్తాను, చూస్తాను" అంది అత్త. పిట్ట వైపు తిరిగి, "రేపు నీ షెడ్డుకొస్తా. ఆ తిట్లగదేదో ఉందట కదా, అది మొట్టమొదట చూపించు. మీ మావయ్య బొమ్మని అందులో పెట్టు" అంది.

మావయ్య మళ్ళీ స్తంభం వైపు చూశాడు.

అత్త వంగి పిన్నులు ఏరుకుంది. బేసిన్‌లో శుభ్రంగా కడిగింది. పిట్టని భుజాలు పట్టి మళ్ళీ అద్దం వైపు తిప్పి, పిన్నులు నోట్లో పెట్టుకుని, సగంలో వదిలేసిన జడ అందుకుంది.

"తలెత్తు" అంది.

పిట్ట తలెత్తింది. కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తబోతే, దువ్వెన లేదు గనక అత్త వేలి కణుపులతోనే నెత్తిన ఒకటి తగిలించి, "కదలకు" అంది.